సామ్ హ్యూస్టన్‌ను గద్దె ఎక్కించింది గెలిచిన యుద్ధమేనా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: హ్యూస్టన్ నుంచి డాలస్ వెళ్ళేటప్పుడు హంట్స్‌విల్ దగ్గర ఫ్రీవే పక్కన చెట్ల మీదుగా ఓ తెల్లటి పెద్ద విగ్రహం కనిపిస్తుంది. అది సామ్ హ్యూస్టన్ విగ్రహమంటారు. ఊరికి ఆయన పేరే, రోజూ ఎక్కే టోల్‌వేకీ ఆయన పేరే. ఆయన సరిహద్దుల్లో పోరాడిన సిపాయి అనీ, ఒకే ఒక్క యుద్ధం గెలిచి ఆ ఊపులో అధ్యక్షుడైపోయాడనీ చెబుతారు, నిజమేనా? అసలు ఆ రోజుల్లో ఒక సిపాయి రాజకీయ నాయకుడు ఎలా అయ్యేవాడు?

సగమే నిజమండీ. 1836లో మెక్సికో సైన్యం మీద గెలిచిన శాన్ జసింటో యుద్ధం ఆయన్ని, అప్పట్లో విడి దేశమైన టెక్సస్ రిపబ్లిక్‌కు అధ్యక్షుణ్ణి చేసిన మాట వాస్తవం. కానీ అప్పటికే ఆయన టెన్నెసీ నుంచి రెండుసార్లు కాంగ్రెస్ సభ్యుడిగా, ఒకసారి గవర్నర్‌గా చేసి దిగిపోయినవాడు. ఆ మొదటి విడత పదవులు తెచ్చింది గెలుపు కాదు. ఒంటి మీద గాయం, వెనక ఓ పెద్దదిక్కు, మిలీషియాలో (అంటే స్థానిక పౌరసైన్యంలో) హోదా, చేతిలో లాయరు పట్టా. ఇక శాన్ జసింటో పేరు ఎంత పెద్దదైనా 1857లో ఆయన్ని ఓటమి నుంచి కాపాడలేకపోయింది. యుద్ధంలో వచ్చిన పేరు తలుపు తీస్తుంది, లోపల కుర్చీ మాత్రం వేయదు. ఇది ఎలా జరిగిందో ఆయన జీవితంలోనే చూద్దాం.

ముందు ‘సరిహద్దు’ అన్న మాట సంగతి. ఇది వాఘా దగ్గర ఉన్నట్టు గేటూ కంచే ఉన్న గీత కాదు. 1800 ప్రాంతపు అమెరికాలో సరిహద్దంటే వలస వచ్చిన తెల్లవాళ్ళ పొలాలు ఆగిపోయి, ఆదివాసీ తెగల నేల మొదలయ్యే అంచు. ఆ అంచు ఏటేటా పడమరకి జరుగుతూ ఉండేది. అక్కడి సిపాయి కోటలో కాపలా కాసే జీతగాడు మాత్రమే కాదు, సగం రైతు, సగం భూమి కోసం వచ్చినవాడు. అతను చేసే యుద్ధం భూమి కోసమే, యుద్ధం అయ్యాక ముట్టేదీ చాలాసార్లు భూమే. ఈ సంగతి గుర్తుంటే అక్కడి రాజకీయం సగం అర్థమైనట్టే.

హ్యూస్టన్ 1793 మార్చి 2న వర్జీనియాలోని రాక్‌బ్రిడ్జ్ కౌంటీలో పుట్టాడు. తండ్రి పోయాక తల్లి తొమ్మిది మంది పిల్లల్ని తీసుకుని టెన్నెసీలో మేరీవిల్ దగ్గరికి వచ్చింది. అన్నలు దుకాణంలో కూర్చోబెడితే పదహారేళ్ళ సామ్ నది దాటి చెరోకీ అనే ఆదివాసీ తెగ వాళ్ళ దగ్గరికి పారిపోయాడు. ఊలూటేకా అనే పెద్దాయన కొడుకులా చేరదీసి, కొలొన్నే అని పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో బొంతకాకి అని అర్థం. మూడేళ్ళు అక్కడే మకాం. మధ్యమధ్య ఊళ్ళోకొచ్చి అప్పు మీద సరుకులు కొని చెరోకీ మిత్రులకు పంచేవాడు. 1812లో ఆ అప్పు తీర్చడానికి బడి పెట్టాడు. ఏడాదికి ఎనిమిది డాలర్ల ఫీజు. అందులో మూడో వంతు నగదు, మూడో వంతు మొక్కజొన్న, మూడో వంతు నేత గుడ్డ. చదువుకున్నది చాలా తక్కువ అయినా బడి నడిచింది. 1813 మార్చిలో మామూలు సిపాయిగా సైన్యంలో చేరి, కొద్ది నెలల్లోనే 39వ పదాతి రెజిమెంట్‌లో చిన్న ఆఫీసరయ్యాడు.

గాయం: 1814 మార్చి 27, హార్స్‌షూ బెండ్. ఇప్పటి అలబామాలో టాలపూసా నది గుర్రపు లాడం ఆకారంలో మెలిక తిరిగేచోటు. క్రీక్ తెగలోని రెడ్ స్టిక్స్ అనే వర్గం వాళ్ళు, దాదాపు వెయ్యిమంది యోధులు, ఆ మెలికలో చేరి, నేల వైపు దారికి అడ్డంగా దుంగలతో గోడ కట్టుకున్నారు. ఇటువైపు ఆండ్రూ జాక్సన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడైనవాడు) సైన్యం మూడు వేల పైచిలుకు. అందులో అయిదారు వందల మంది చెరోకీలూ, వేరే వర్గపు క్రీకులూ ఉన్నారు. రెండు గంటలు ఫిరంగులు కాల్చినా ఆ దుంగల గోడ చెక్కు చెదరలేదు. చెరోకీలు నది ఈది అవతలి పడవలు పట్టుకొచ్చి వెనక నుంచి దెబ్బ తీశాకే ముందు నుంచి 39వ రెజిమెంట్ గోడ మీదికి ఉరికింది. మొదట ఎక్కిన మేజర్ మాంట్‌గొమరీ తలకి గుండు తగిలి అక్కడే పడిపోయాడు. వెనకే ఎక్కిన హ్యూస్టన్ తొడలో ముళ్ళబాణం దిగింది.

ముళ్ళబాణంతో తంటా ఏమిటంటే, దిగేటప్పటికన్నా లాగేటప్పుడు ఎక్కువ కండ చీలుస్తుంది. పక్కనున్న లెఫ్టినెంట్ రెండుసార్లు లాగి, రాక, ఆగిపోయాడు. హ్యూస్టన్ కత్తెత్తి, ఈసారి లాగకపోతే నరుకుతానన్నాడు. మూడోసారి బాణం వచ్చింది, దాంతోపాటు గుడ్డతో కుక్కి ఆపాల్సినంత నెత్తురూ వచ్చింది. జాక్సన్ అటుగా వచ్చి, ఇంక యుద్ధంలోకి వెళ్ళొద్దని స్వయంగా ఆజ్ఞ ఇచ్చాడు. సాయంత్రం మిగిలిన రెడ్ స్టిక్స్ ఒక లోయలో దుంగల కప్పు కింద దాక్కున్నారు. దాని మీదికి ఎవరు వెళ్తారని జాక్సన్ అడిగితే ఎవరూ కదల్లేదు. హ్యూస్టన్ ఒక మస్కెట్ తుపాకీ లాక్కుని కుంటుతూ బయల్దేరాడు. కుడి భుజంలోకి రెండు గుళ్ళు దిగాయి. డాక్టర్లు ఒకటి తీసి, తెల్లారేసరికి ఎలాగూ పోతాడులే అని రెండోది వదిలేశారు. పోలేదు. అయితే ఆ గాయం కూడా జీవితాంతం పూర్తిగా మానలేదు. సెనేటర్‌గా ఉన్న రోజుల్లో కూడా కట్టు మార్చుకోవాల్సి వచ్చేదంటారు. ఆ రోజు రెడ్ స్టిక్స్‌లో ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత జరిగిన ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంలో క్రీకులు, జాక్సన్ పక్షాన పోరాడినవాళ్ళతో సహా, రెండు కోట్ల ఎకరాలకు పైగా భూమి పోగొట్టుకున్నారు. ఓట్ల కథ మొదలయ్యేది ఆ భూమి మీదే.

పెద్దదిక్కు. ఆజ్ఞ కాదని మరీ మళ్ళీ దూకిన కుర్రాణ్ణి జాక్సన్ మర్చిపోలేదు. అప్పటినుంచి ఉద్యోగాలకి, ఎన్నికలకి ఆయన అండ ఉంది. 1817లో చెరోకీల వ్యవహారాలు చూసే సబ్ ఏజెంట్ పోస్టు వచ్చింది. పని ఏమిటో తెలుసా? తనను కొడుకులా చూసుకున్న ఊలూటేకాని, ఆయన మనుషుల్ని పడమరకు, ఆర్కన్సాకు తరలించడం. చేశాడు. అది వాళ్ళ మంచికేనని నమ్మాడని కొందరంటారు. నమ్మినా, ఆ పని మంచిదైపోదు. తర్వాత చెరోకీ ప్రతినిధులతో వాషింగ్టన్ వెళ్ళినప్పుడు వాళ్ళ దుస్తుల్లోనే యుద్ధ శాఖ మంత్రి కాల్‌హూన్ ముందుకు వెళ్ళాడు. మంత్రి గట్టిగా చీవాట్లు పెట్టాడు. బానిసల దొంగరవాణా గురించి ఫిర్యాదు చేస్తే, తిరిగి తన మీదే విచారణ వచ్చింది. ఆ ఒళ్ళుమంటతో 1818 మార్చి 1న సైన్యానికి రాజీనామా ఇచ్చేశాడు.

మీ ప్రశ్నలోని ‘ఎలా అయ్యేవాడు’ అన్న భాగానికి అసలు జవాబు ఈ తర్వాతి అయిదేళ్ళలో ఉంది. ఆ రోజుల టెన్నెసీలో నిచ్చెన ఇలా ఉండేది.

ఒకటి, లాయరు పట్టా. న్యాయ కళాశాలలు లేవు. ఒక జడ్జి దగ్గరో లాయరు దగ్గరో కూర్చుని పుస్తకాలు చదివి, జడ్జీల ముందు నోటి పరీక్ష ఇస్తే చాలు. ఏడాదిన్నర పట్టే చదువును హ్యూస్టన్ నాష్‌విల్‌లో ఆరు నెలల్లో ముగించి, లెబనాన్ అనే చిన్న ఊళ్ళో నెలకు ఒక డాలరు అద్దెకి గది తీసుకున్నాడు. లాయరు వృత్తిలో పెద్ద లాభం డబ్బు కాదు. కోర్టు సర్క్యూట్ తిరుగుతుంటే కౌంటీ కౌంటీలో మనుషులు తెలుస్తారు, భూమి తగాదాలన్నీ చేతిలోంచి పోతాయి. 1818 చివర్లోనే నాష్‌విల్ జిల్లా ప్రాసిక్యూటర్ అయ్యాడు.

రెండు, మిలీషియా. దీన్ని మనవాళ్ళు సరిగ్గా పట్టించుకోరు. 1792 నాటి చట్టం ప్రకారం 18 నుంచి 45 ఏళ్ళ లోపు తెల్లజాతి మగవాళ్ళంతా మిలీషియాలో పేరు రాయించుకోవాలి, తుపాకీ తనే తెచ్చుకోవాలి. కవాతు రోజున చుట్టుపక్కల మగవాళ్ళంతా ఒకచోట చేరేవారు. కవాతు తక్కువ, మాటలూ విస్కీ ఎక్కువ. ముఖ్యమైన సంగతేమిటంటే, అక్కడ ఆఫీసర్లను ఎన్నుకునేవారు. కింది దళంలో సిపాయిలు తమ నాయకుణ్ణి ఎన్నుకుంటే, పై స్థాయిలో ఆఫీసర్లు మేజర్ జనరల్‌ను ఎన్నుకునేవారు. జాక్సన్ 1802లో మేజర్ జనరల్ అయింది ఇలాగే. అప్పుడు ఓట్లు సమానమైతే గవర్నర్ ఓటుతో గట్టెక్కాడు. హ్యూస్టన్‌ను 1821లో తోటి ఆఫీసర్లు అదే పదవికి ఎన్నుకున్నారు. అంటే సైనిక హోదా అనేదే ఓ ఎన్నిక. అది గెలిచినవాడి చేతిలో ప్రతి కౌంటీలోనూ కెప్టెన్లు, కల్నళ్ళు ఉంటారు. ఇవాళ్టి మాటల్లో బూత్ స్థాయి కార్యకర్తలన్నమాట.

మూడు, ఓటు ఎవరిదన్నది. 1796 నాటి టెన్నెసీ రాజ్యాంగం ప్రకారం కౌంటీలో భూమి ఉన్నవాడికి ఓటు. భూమి లేకున్నా ఆరు నెలలు అక్కడ నివాసమున్న, బానిస కాని మగవాడికీ ఓటు. కాబట్టి భూమి ఇంకా చేతికి రాని మాజీ సిపాయిలకీ ఓటుంది. కానీ గవర్నర్‌గా నిలబడాలంటే 500 ఎకరాలుండాలి. ఓటు సిపాయిది, పదవి భూస్వామిది. ఆ మధ్య దూరాన్ని దాటించేది పెద్దదిక్కే.

1823లో కాంగ్రెస్, 1825లో మళ్ళీ కాంగ్రెస్, 1827లో న్యూటన్ కానన్‌ను ఓడించి గవర్నర్. ఈ కానన్ కూడా అదే క్రీక్ యుద్ధంలో పోరాడినవాడే. ఇద్దరూ సిపాయిలే అయినప్పుడు యుద్ధం ఓట్లను విడదీయలేదు కదా. తేడా ఎక్కడంటే, కానన్‌కూ జాక్సన్‌కూ పడదు.

ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ డేవీ క్రాకెట్. అదే టెన్నెసీ, అదే క్రీక్ యుద్ధం, అదే మిలీషియా దారి. మాటకారితనంలో హ్యూస్టన్‌కు ఏం తీసిపోడు. 1827లో కాంగ్రెస్‌కు వెళ్ళాడు. 1830లో ఆదివాసీలను పడమరకు తరిమే చట్టాన్ని జాక్సన్ తెస్తే వ్యతిరేకించాడు. 1831లో ఓడాడు. 1833లో తిరిగి గెలిచి, 1835లో 252 ఓట్ల తేడాతో మళ్ళీ ఓడాడు. ఓడించిన ఆడమ్ హంట్స్‌మన్‌ది కొయ్యకాలు, కాలు పోగొట్టుకుంది క్రీక్ యుద్ధంలోనే. ఎలుగుబంట్లను వేటాడినవాడి మీద కొయ్యకాలి లాయరు, జాక్సన్ అండతో గెలిచాడు. తర్వాత క్రాకెట్ టెక్సస్ వెళ్ళి, మెక్సికో సైన్యం ముట్టడించిన అలమో కోటలో చనిపోయాడు.

ఎక్కడ బెడిసికొట్టింది? 1829 జనవరిలో గవర్నర్ హ్యూస్టన్ ఎలైజా అలెన్‌ను పెళ్ళాడాడు. పదకొండు వారాల్లో ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. కారణం ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరేం రాసినా అది ఊహే. ఏప్రిల్ 16న గవర్నర్ పదవికి రాజీనామా చేసి, మళ్ళీ చెరోకీల దగ్గరికే, ఈసారి ఆర్కన్సా నది పక్కకు వెళ్ళిపోయాడు. ఊలూటేకా మళ్ళీ చేరదీశాడు, తెగ పౌరసత్వం ఇచ్చారు. ఫోర్ట్ గిబ్సన్ దగ్గర వ్యాపారం పెట్టుకుని, డయానా రోజర్స్ అనే చెరోకీ స్త్రీతో కాపురం చేశాడు. తాగుడు ఎంత ముదిరిందంటే చెరోకీలే ‘పెద్ద తాగుబోతు’ అని పేరు మార్చారు.

అక్కడి నుంచి లేపింది ఓ కర్ర. 1832లో ఒహాయో నుంచి కాంగ్రెస్ సభ్యుడు విలియం స్టాన్‌బెరీ, ఆదివాసీలకిచ్చే రేషన్ కాంట్రాక్టులో హ్యూస్టన్‌కు మోసంలో భాగముందని సభలో అన్నాడు. హ్యూస్టన్ రాసిన ఉత్తరానికి జవాబివ్వలేదు. ఏప్రిల్ 13 రాత్రి పెన్సిల్వేనియా అవెన్యూలో ఎదురుపడితే హ్యూస్టన్ హికరీ కర్రతో చితకబాదాడు. స్టాన్‌బెరీ పిస్తోలు తీసి గుండెకు ఆనించి నొక్కితే అది పేలలేదు. కాంగ్రెస్ సభే విచారణ పెట్టింది, 106 మంది దోషి అన్నారు, 89 మంది కాదన్నారు. శిక్ష ఏమిటంటే స్పీకరు మందలించడం. కోర్టు 500 డాలర్ల జరిమానా వేస్తే జాక్సన్ తర్వాత మాఫీ చేశాడు. ఈ గొడవలో వారాలపాటు పత్రికలన్నిట్లో ఆయన పేరే. దేశం మర్చిపోయిన మనిషి నెల రోజుల్లో మళ్ళీ దేశనాయకుడయ్యాడు. అదే ఏడాది డిసెంబర్‌లో రెడ్ రివర్ దాటి అప్పటి మెక్సికోలో ఉన్న టెక్సస్‌లో అడుగుపెట్టాడు.

ఇప్పుడు శాన్ జసింటో. ఈ యుద్ధం గురించి మనవాళ్ళు ‘పద్దెనిమిది నిమిషాల్లో గెలిచాడు’ అని చెప్పి వదిలేస్తారు. ఆ పద్దెనిమిది నిమిషాలకు ముందు ఆరు వారాల వెనకడుగు ఉంది, అసలు పాఠం దానిలో ఉంది. 1836 మార్చి 2న మెక్సికో నుంచి టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన. మార్చి 6న అలమో పడిపోయింది. మార్చి 11న హ్యూస్టన్ గొంజాలెస్ చేరేసరికి అక్కడున్నది 374 మంది. ఫిరంగులు లేవు, తిండి రెండు రోజులది, కవాతంటే ఏమిటో తెలిసినవాళ్ళు చాలా తక్కువ. అలమో వార్త నిర్ధారణ అయిన రాత్రే ఊరికి నిప్పు పెట్టి తూర్పుకు కదిలాడు. కొలరాడో నది, తర్వాత బ్రాజోస్ నది. వెనక వేలమంది పిల్లాజెల్లాతో, బురదలో, వానలో పారిపోతున్నారు. తాత్కాలిక అధ్యక్షుడు బర్నెట్, శత్రువు నిన్ను చూసి నవ్వుతున్నాడు, ఇంక వెనక్కి పోవద్దు, యుద్ధం చెయ్యి అని ఉత్తరం రాశాడు. రెండు కంపెనీలు బాహాటంగా మొండికేస్తే, వాళ్ళను నది రేవుల కాపలాకి పెట్టాడు.

ఎందుకు వెనక్కి? మూడు లెక్కలు. మెక్సికన్ సేనాని శాంటా అన్నా తూర్పుకి వచ్చేకొద్దీ సరఫరా దారి పొడవవుతుంది, సైన్యం ముక్కలవుతుంది. హ్యూస్టన్ మనుషులకు కవాతు నేర్పడానికి రోజులు కావాలి. గ్రోస్ తోటలో దాదాపు రెండు వారాలు చేసిన పని అదే. ఇక మూడోది ఫిరంగులు. సిన్సినాటి ప్రజలు పంపిన రెండు చిన్న ఫిరంగులు, ‘ట్విన్ సిస్టర్స్’ అంటారు, ఏప్రిల్ 11న అక్కడికే చేరాయి. గుళ్ళు చాలక గుర్రపు లాడాల ముక్కలు కూడా కూరారు.

ఏప్రిల్ 18న డెఫ్ స్మిత్ అనే గూఢచారి ఒక మెక్సికన్ కబురుగాణ్ణి పట్టుకున్నాడు. అతని సంచిలో ఉత్తరాల వల్ల శాంటా అన్నా స్వయంగా కొద్దిమందితో ముందుకొచ్చాడని తేలింది. 21 ఉదయం కోస్ అనే జనరల్ సుమారు అయిదొందల మందిని తెచ్చి కలిశాడు. ఇంకా ఎవరూ రాకుండా, ఎవరూ పారిపోకుండా హ్యూస్టన్ విన్స్ వంతెనను నరికించేశాడు. సాయంత్రం నాలుగున్నరకు, అవతల రాత్రంతా మేల్కొని అలిసి కునుకు తీస్తున్న వేళ, సుమారు 900 మంది గడ్డి మైదానం దాటి మీద పడ్డారు. అవతల 1,300 పైచిలుకు మంది. పోరాటం పద్దెనిమిది నిమిషాలే. తర్వాత జరిగింది ఊచకోత. అలమోకు, గోలియాడ్‌లో మెక్సికన్లు కాల్చేసిన మూడు వందలకు పైగా టెక్సస్ ఖైదీలకు ప్రతీకారమని లొంగిపోతున్నవాళ్ళనూ చంపారు. ఆపడం ఆఫీసర్ల వల్ల కాలేదు. లెక్క 630 మంది మృతులు, 730 మంది ఖైదీలు. ఇటువైపు తొమ్మిది మంది. హ్యూస్టన్ కింద రెండు గుర్రాలు పడ్డాయి, చీలమండ ఎముక నుజ్జయింది.

మర్నాడు సిపాయి బట్టల్లో ఉన్న ఒకణ్ణి పట్టి తెస్తే, ఖైదీలు ‘ఎల్ ప్రెసిడెంటే’ అనడంతో శాంటా అన్నా అని బయటపడింది. ఉరి తీయమని చుట్టూ కేకలు. చెట్టు కింద పడుకుని ఉన్న హ్యూస్టన్ ఒప్పుకోలేదు. ఎందుకంటే ఫిలిసోలా, ఉర్రేయా దగ్గర ఇంకా రెండువేలకు పైగా మెక్సికన్ సైన్యం చెక్కుచెదరకుండా ఉంది. చచ్చిన శాంటా అన్నా దాన్ని వెనక్కి పంపలేడు, బతికినవాడు పంపగలడు. పంపాడు కూడా. నా దృష్టిలో ఆయన రాజకీయ నాయకుడైంది ఆ చెట్టు కింద, ఓట్లు పడిన రోజున కాదు.

ఓట్ల సంగతికొస్తే, ఎన్నికకు పదకొండు రోజుల ముందు బరిలో దిగి, 1836 సెప్టెంబర్ 5న 5,119 ఓట్లు తెచ్చుకున్నాడు. హెన్రీ స్మిత్‌కు 743. టెక్సస్‌కు తెల్లవాళ్ళ వలసలు తెచ్చిన స్టీఫెన్ ఆస్టిన్‌కు 587. ఇదొక్కటే ఆయన జీవితంలో నిజంగా యుద్ధం గెలిపించిన ఎన్నిక. అధ్యక్షుడయ్యాక చేసిన పని చూడండి. జీతాలు లేక, మెక్సికో మీదికి పోదామని ఉరకలేస్తున్న సైన్యం ఉంది. దాని సేనాని ఫీలిక్స్ హ్యూస్టన్ (బంధువు కాదు) 1837 మేలో రాజధానికి వచ్చి కాంగ్రెస్ వాళ్ళను ఒప్పించే పనిలో ఉండగా, అధ్యక్షుడు ఆరు వందల మందిని ఉంచి మిగిలినవాళ్ళందరికీ సెలవిచ్చి ఇంటికి పంపేశాడు. సిపాయిలకు ఇవ్వడానికి డబ్బు లేదు, భూమి ఉంది. మూడు నెలల సేవకు 320 ఎకరాలు, శాన్ జసింటోలో ఉన్నవాడికి పైగా 640 ఎకరాలు. భూమి కాగితాలు అమ్ముకుని పోయినవాళ్ళూ ఉన్నారు, ఆ కాగితాలు చవగ్గా కొని పెద్ద భూస్వాములైనవాళ్ళూ ఉన్నారు.

వరసగా రెండోసారి ఉండకూడదన్న నియమం వల్ల 1838లో దిగిపోయాడు. తర్వాతి అధ్యక్షుడు లమార్, శాన్ జసింటోలో అశ్వదళం నడిపినవాడే, ఖజానాకు పదిన్నర లక్షల పైచిలుకు డాలర్లు వస్తే నలభై ఎనిమిది లక్షలు ఖర్చు పెట్టాడు. నోట్ల విలువ డాలరుకు పదిహేను సెంట్లకు లోపుకు పడిపోయింది. 1839లో చెరోకీలను నేచెస్ దగ్గర యుద్ధం చేసి తరిమేశాడు. హ్యూస్టన్ 1836లో వాళ్ళతో చేసుకున్న భూమి ఒప్పందాన్ని టెక్సస్ సెనేట్ అప్పటికే కొట్టేసింది. వాళ్ళ పెద్ద బౌల్స్ ఆ యుద్ధంలో చనిపోయాడు. 1841లో హ్యూస్టన్ తిరిగొచ్చి మూడేళ్ళలో అయిదు లక్షల చిల్లరతో ప్రభుత్వం నడిపాడు. 1842లో మెక్సికో మీద యుద్ధానికి కాంగ్రెస్ కోటి ఎకరాలు కేటాయిస్తే వీటో చేశాడు. అదే ఏడాది చివర్లో ఆస్టిన్ నుంచి ప్రభుత్వ దస్తావేజులు తరలించబోతే, ఏంజెలీనా ఎబర్లీ అనే హోటల్ యజమానురాలు బళ్ళ వైపు ఫిరంగి పేల్చిందని చెబుతారు. దస్తావేజులు ఆస్టిన్‌కే తిరిగి వచ్చాయి. పెద్ద వీరుడికీ అన్నీ చెల్లవు.

టెక్సస్ అమెరికాలో కలిశాక, 1846 నుంచి 1859 వరకు అమెరికా సెనేటర్. 1854లో కొత్త ప్రాంతాల్లో బానిసత్వం సంగతి అక్కడి ఓటర్లకే వదిలే కాన్సాస్-నెబ్రాస్కా చట్టానికి, దక్షిణాది సెనేటర్లలో ఇద్దరే ఎదురు ఓటేశారు. టెన్నెసీ నుంచి జాన్ బెల్, టెక్సస్ నుంచి హ్యూస్టన్. బానిసల మీద దయతో కాదు, ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు. దేశం రెండుగా చీలుతుందన్న భయం. 1857లో గవర్నర్‌గా నిలబడి, నాగళ్ళమ్మే ఏజెంటు ఎర్ర బగ్గీలో ఊరూరూ తిరిగాడు. హార్డిన్ రన్నెల్స్‌కు 32,552 ఓట్లు పడితే, 28,678 ఓట్లతో ఓడాడు. శాన్ జసింటో అయి ఇరవై ఒక్క ఏళ్ళు, దాన్ని చూసినవాళ్ళ కన్నా తర్వాత దక్షిణాది నుంచి వలస వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు గతంలోని గాయం కన్నా రేపటి పత్తి పొలం ముఖ్యం. రెండేళ్ళకు రన్నెల్స్ సరిహద్దు కాపలా సరిగ్గా చేయలేదన్న అసంతృప్తి తోడై, 27,500 ఓట్ల మీద 36,227 ఓట్లతో హ్యూస్టన్ గెలిచాడు. అంటే మళ్ళీ సరిహద్దే.

1861 ఫిబ్రవరిలో టెక్సస్ ప్రజలు 46 వేల పైచిలుకు ఓట్లతో, 14 వేల పైచిలుకు ఓట్ల మీద, అమెరికా నుంచి విడిపోవడాన్ని ఆమోదించారు. మార్చి 16న, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరసీకి విధేయత ప్రమాణం చేయమని గవర్నర్‌ను పేరు పెట్టి పిలిస్తే, ఆయన కింది గదిలో కర్ర చెక్కుకుంటూ కూర్చున్నాడని చెబుతారు. పైకి వెళ్ళలేదు. పదవి పోయింది. సైన్యం పంపుతానని లింకన్ కబురు చేస్తే వద్దన్నాడు, టెక్సస్ వాళ్ళ నెత్తురు తన పదవి కోసం చిందొద్దని. పెద్ద కొడుకు కాన్ఫెడరేట్ సైన్యంలో చేరి షైలో యుద్ధంలో గాయపడ్డాడు. హ్యూస్టన్ 1863 జూలై 26న హంట్స్‌విల్‌లో న్యుమోనియాతో పోయాడు.

తరచు వినిపించే రెండు పొరపాట్లు. హ్యూస్టన్ నగరాన్ని ఆయన కట్టలేదు. 1836 ఆగస్టులో అలెన్ సోదరులు బేయూ (వాగు) ఒడ్డున స్థలాలు అమ్మడానికి పత్రికలో ప్రకటన ఇచ్చి, ఆ పేరు తగిలించారు. మన రియల్ ఎస్టేట్ వాళ్ళు వెంచర్‌కు వీరుడి పేరు పెట్టినట్టే. రెండు, శాంటా అన్నా ఒక యువతితో గుడారంలో ఉండిపోబట్టే ఓడాడన్న కథకు గట్టి ఆధారం లేదు.

చూడాలనుకుంటే: హంట్స్‌విల్‌లో ఆ విగ్రహం పీఠం మీద 67 అడుగులు, 1994లో పెట్టింది. గమనిస్తే యూనిఫాం లేదు, సూటూ చేతికర్రే. ఊళ్ళో ఆయన చనిపోయిన స్టీమ్‌బోట్ హౌస్, ఓక్‌వుడ్ శ్మశానంలో సమాధి ఉన్నాయి. సుగర్‌ల్యాండ్, కేటీ వైపు ఉన్నవాళ్ళకు శాన్ జసింటో యుద్ధభూమి, లా పోర్ట్ దగ్గర 567 అడుగుల స్తంభం, తూర్పున గంట ప్రయాణం. నడవాల్సింది స్తంభం దగ్గరే కాదు, ఆ గడ్డి మైదానంలో కూడా. మిట్ట చిన్నదే, కానీ దాని వెనక నుంచి వచ్చేవాళ్ళు చాలా దగ్గరికి వచ్చేదాకా కనిపించరని అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.